హెచ్‌ఐవీ టీకా పరిశోధన, ఊళ్లో నివారణ-వైద్య సేవలు: రెండూ ఒకే చోట నడిచిన ఊరు ఎక్కడైనా ఉందా?

గోదావరి_గట్టు
ఐసీటీసీలో, అంటే సర్కారు హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో కౌన్సెలర్‌ని. ఇంకో హెచ్‌ఐవీ టీకా ప్రయోగం గురించి పొద్దున్నే పేపర్లో చదివా, అప్పట్నుంచి మనసు మనసులో లేదు. టీకా మీద నాకు కోపం లేదు. కానీ పోయిన నెల మా దగ్గర టెస్ట్ కిట్లు అయిపోయి, పరీక్షకు వచ్చిన గర్భిణులను వేరే సెంటర్‌కి పంపాల్సి వచ్చింది. ఏడో నెల కడుపుతో ఉన్న ఒకమ్మాయి చీటీ చేతిలో పట్టుకుని "మళ్లీ బస్సెక్కాలా మేడమ్, ఆయన పనికి పోయారు, తోడెవరూ లేరు" అంది. వెళ్లిందో లేదో ఫోన్ చేసి కనుక్కునేదాకా నాకు స్థిమితం లేదు. మా ఔట్‌రీచ్ వాళ్లకు జీతాలు ఎప్పుడు పడతాయో తెలీదు. బండికి పెట్రోలు సొంత డబ్బులతో కొట్టించుకుని తిరుగుతున్నారు.

టీకా వస్తుంది వస్తుంది అని నలభై ఏళ్లుగా వింటున్నాం. ఆ డబ్బులో కొంత టెస్టులకు, కండోములకు, ఏఆర్టీకి (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులకు), ఇల్లిల్లూ తిరిగేవాళ్లకు పెడితే ఎంతమంది నిలబడతారు! పోనీ రెండింటినీ ఒకే చోట నడిపి, ప్రయోగం కోసం వచ్చినవాళ్లు అక్కడి జనానికి వైద్యం కూడా చూసిన ఊరు ప్రపంచంలో ఎక్కడైనా ఉందా? వాదనకు కాదు, నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నా.

సందేహం_సుబ్బు
అసలు టీకా ఎందుకు రావట్లేదండీ? కోవిడ్‌కి ఏడాదిలో వచ్చేసింది కదా.

ల్యాబ్_రమణి
సుబ్బు గారూ, కరోనా సోకినవాళ్లలో ఎక్కువమంది సొంతంగానే కోలుకున్నారు. ఆ వైరస్‌ను తరిమేయడం శరీరానికి చేతనవును. టీకా చేసేది ముందే సిద్ధం చేయడం. హెచ్‌ఐవీ అలా కాదు. సోకిన కొద్ది రోజుల్లోనే మన కణాల జన్యువుల్లోకి దూరిపోతుంది, ఆ తర్వాత ఎప్పటికప్పుడు రూపం మార్చుకుంటుంది. సహజంగా దాన్ని వదిలించుకున్నవాళ్లు ఎక్కడో ఒకరిద్దరు తప్ప లేరు. చూసి నేర్చుకోవడానికి నమూనాయే లేదన్నమాట.

ప్రయత్నాలు జరగక కాదు. 2007లో స్టెప్ అనే ప్రయోగం మధ్యలోనే ఆగింది, కొందరు మగవాళ్లలో ఆ టీకా వల్ల ముప్పు పెరిగినట్టు కూడా కనిపించింది. 2009లో థాయ్‌లాండ్ ఫలితం వచ్చింది, 16 వేల మందికి పైగా పాల్గొన్నారు, 31 శాతం రక్షణ. అనుమతికి అది చాలదు, కానీ ఆశ పుట్టింది. అదే పద్ధతిని దక్షిణాఫ్రికాలో తిరిగే వైరస్ రకానికి తగ్గట్టు మార్చి 2016లో 5,400 మందితో మొదలుపెట్టారు. 2020 ఫిబ్రవరిలో ఆపేశామని ప్రకటించారు. టీకా వేసుకున్నవాళ్లలో 129 మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 123 మందికి హెచ్‌ఐవీ సోకింది. ఆ తర్వాత ఇంబొకోడో అనే ప్రయోగం 2021లో, మొజాయికో అనేది 2023లో అలాగే ముగిశాయి.

కృష్ణలంక_కుర్రోడు
ఇన్ని ఫెయిలయ్యాక ఇంకెందుకు మరి? గట్టు గారు చెప్పిందే కరెక్ట్. అది మూసేసి ఆ డబ్బు ఇటు తిప్పాలి.

ఫార్మా_బాలానగర్
నేను ఇంకో అడుగు ముందుకేస్తా. టీకా అవసరమే తీరిపోయింది. హెచ్‌ఐవీ సోకకుండా లెనకాపవిర్ అనే ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి పొట్ట దగ్గర చర్మం కింద వేస్తారు. 2024లో వచ్చిన పర్పస్ 1 అనే ప్రయోగం ఫలితాలు చూడండి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. ఏ టీకా ఇస్తుంది ఇలాంటి ఫలితం? అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్లు. మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో ఏడాదికి 40 డాలర్ల లెక్కన 2027 నుంచి ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటించాయి. గర్వంగా ఉంది నాకు. ఇక పరిశోధన డబ్బంతా దీన్ని జనం దగ్గరికి చేర్చడానికే పెట్టాలి.

సందేహం_సుబ్బు
28 వేలెక్కడ, 40 ఎక్కడ! ఇది చదివి మా ఊరి మెడికల్ షాపాయన కళ్లు తిరిగి పడిపోతాడు.

డర్బన్_దూరం
గట్టు గారి ప్రశ్నకు నేను కొంత చెప్పగలను. డర్బన్‌లో ఉంటాను, క్లినికల్ ట్రయల్స్ డేటా పని. చెరకు తోటల కాలంలో వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి, నేను మాత్రం ఈమధ్య ఉద్యోగానికి వచ్చినవాణ్ణే. ఈ క్వాజులు-నటాల్ రాష్ట్రంలో హెచ్‌ఐవీ ఎంత ఎక్కువంటే, ఆ జబ్బు తాకని ఇల్లు వెతుక్కోవాలి.

నివారణ ప్రయోగంలో చేరడానికి నెగెటివ్ అయి ఉండాలి. అది తేలాలంటే ముందు అందరికీ టెస్ట్ చేయాలి. అలా స్క్రీనింగ్‌కి వచ్చినవాళ్లలో ఎంతోమందికి పాజిటివ్ అని తెలిసేది ఆ రోజే. ఇరవై దాటిన అమ్మాయి, ప్రయోగంలో చేరదామని చెల్లెల్ని కూడా వెంటేసుకుని వస్తుంది. చెల్లెలు నెగెటివ్, తను పాజిటివ్. గదిలో బల్ల మీద రెండు టెస్ట్ స్ట్రిప్పులు పక్కపక్కనే ఉంటాయి. ఆ అమ్మాయితో "నువ్వు మా ప్రయోగానికి పనికిరావు, వెళ్లిరా" అనగలమా?

ఇక్కడ ఆ ప్రశ్న చాలా ఏళ్ల కిందటే వచ్చింది. కాప్రిసా అని డర్బన్‌లో ఓ పరిశోధన సంస్థ ఉంది. సలీం అబ్దుల్ కరీం, ఖురైషా అబ్దుల్ కరీం దంపతులు 2002లో మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యులు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏఆర్టీ అప్పుడప్పుడే మొదలవుతున్న 2004లోనే వాళ్లు తమ పరిశోధన క్లినిక్‌లలో చికిత్స కార్యక్రమం కూడా పెట్టారు. ఒకటి డర్బన్ నడిబొడ్డున టీబీ క్లినిక్ పక్కన, ఇంకోటి వులిండ్లెలా అనే పల్లె ప్రాంతంలో. చికిత్స ఖర్చు పెప్ఫార్ అనే అమెరికా ఎయిడ్స్ సాయం పథకం నిధుల నుంచి, పరిశోధన ఖర్చు వేరే పద్దు నుంచి. జనం వచ్చే గుమ్మం మాత్రం ఒకటే. టీబీ మందులు, ఏఆర్టీ కలిపి ఇస్తే చావులు 56 శాతం తగ్గాయని 2010లో ప్రచురించిన అధ్యయనం కూడా ఆ క్లినిక్ నుంచి వచ్చిందే. గట్టు గారూ, మీరు అడిగిన ఊరు ఇదే అనుకోండి.

గోదావరి_గట్టు
చెల్లెలి సంగతి చదివాక కాసేపు ఆగాల్సి వచ్చింది. మా దగ్గర భార్యాభర్తల రిపోర్టులు అలా వస్తాయి.

డర్బన్ గారూ, ఒకటి చెప్పండి. అక్కడ చికిత్స పెట్టింది జాలితోనా, లేక ప్రయోగం నడవడానికి అది అవసరమై పెట్టారా? రెండోదైతేనే నాకు నమ్మకం. జాలితో ఇచ్చింది మేనేజర్ మారగానే పోతుంది.

డర్బన్_దూరం
రెండూ ఉన్నాయి. పరిశోధనకు దానివల్ల ఎంత మేలు జరిగిందో చెప్తా. అదే 2004లో ఇంకో అధ్యయనం మొదలైంది. హెచ్‌ఐవీ లేని, ముప్పు ఎక్కువున్న ఆడవాళ్లను క్రమం తప్పకుండా పరీక్షిస్తూ, ఎవరికైనా సోకితే మొదటి వారాల నుంచే పక్కనుండి చూసుకున్నారు. వాళ్లలో కాప్256 అనే నంబరున్న ఒకామె రక్తంలో, రకరకాల హెచ్‌ఐవీని అడ్డుకోగల యాంటీబాడీ దొరికింది. 2014లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈరోజు టీకా పరిశోధకులు పుట్టించాలని చూస్తున్నది సరిగ్గా ఇలాంటి యాంటీబాడీలనే. ఏళ్ల తరబడి ఆమె క్లినిక్‌కి రాకపోయి ఉంటే అది దొరికేది కాదు. మనల్ని మనిషిలా చూస్తారన్న నమ్మకం లేకపోతే ఎవరు వస్తారు, మాటిమాటికీ రక్తం ఇవ్వడానికి?

నల్లమల_నీడ
అన్నా, డర్బన్ సంగతి బాగుంది. మన సంగతి మాట్లాడుకుందాం. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా వేసే) టీకా అధ్యయనం జరిగింది, గుర్తుందా? భద్రాచలం వైపు గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టారు. 2010లో ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మా చుట్టాల పిల్ల ఆ హాస్టళ్లలో ఒకదానిలో చదివింది. ఇంటికి కబురే లేదు. సెలవులకు వచ్చినప్పుడు "సూది ఇచ్చారు" అని చెప్తే తెలిసింది. ఇప్పటికీ ఆ వాడలో నర్సు వస్తే పిల్లల్ని లోపలికి పిలుచుకుంటారు. ప్రయోగం, సేవ రెండూ ఒకే గుమ్మంలో పెడితే, ఏది సేవో ఏది ప్రయోగమో జనానికి ఎట్లా తెలుస్తది?

ల్యాబ్_రమణి
నీడ గారూ, అప్పుడు టీకా వేసుకున్న కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేల్చారు. హెచ్‌పీవీ టీకా మంచిదే, మా అమ్మాయికి నేనే వేయించాను.

నల్లమల_నీడ
రమణి గారూ, నేను మరణాల మాట ఎత్తలేదు. సంతకం గురించి అడిగిన. టీకా మంచిదైతే అడగకుండా వేయొచ్చా?

ల్యాబ్_రమణి
వేయకూడదు. అందులో మీతో నాకు తేడా లేదు.

వైజాగ్_వెంకటలక్ష్మి
ఎంపీహెచ్ (ప్రజారోగ్యం) చదువుతున్నాను, నా ప్రాజెక్టు దీని చుట్టూనే. నీడ గారి ప్రశ్న ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే పెద్దది. సేవలు ఎరగా మారే ప్రమాదం నిజమే. ఊళ్లో వేరే డాక్టర్ లేనప్పుడు "ప్రయోగంలో చేరితే వైద్యం ఉచితం" అంటే, అది ఒప్పుకోవడమా, గత్యంతరం లేకపోవడమా? అందుకే సేవ ప్రయోగంలో చేరినవాళ్లకూ చేరనివాళ్లకూ ఒకేలా అందాలి. కాప్రిసాలో నాకు నచ్చింది అదే. చికిత్స అందింది ముఖ్యంగా ప్రయోగంలో చేరడానికి వీల్లేని పాజిటివ్ వాళ్లకు.

దీనికి ఎదురు కథ కంబోడియా. అక్కడి సెక్స్ వర్కర్లలో టెనోఫోవిర్ మాత్రను నివారణకు పరీక్షించబోయారు. ఆ ఆడవాళ్ల సంఘం ఒక్కటే అడిగింది: ప్రయోగం ముగిశాక మాకేదైనా అయితే ఎవరు చూస్తారు, దీర్ఘకాలం బీమా ఇస్తారా? సరైన జవాబు రాలేదు. 2004 జూలైలో బ్యాంకాక్ ఎయిడ్స్ సదస్సులో నిరసన, ఆగస్టులో కంబోడియా ప్రభుత్వం ప్రయోగాన్నే ఆపించేసింది. మరుసటి ఏడాది కామెరూన్‌లో అదే గొడవ. ఆ మందు ఉన్న మాత్రే తర్వాత ప్రెప్‌గా, అంటే సోకకముందే వేసుకునే నివారణ మందుగా, లక్షల మందిని కాపాడుతోంది. అంటే మందు మంచిదే, ఆడవాళ్ల ప్రశ్నా న్యాయమైనదే. ప్రయోగం మొదలవకముందే కూర్చుని మాట్లాడుకోలేదు, అదొక్కటే లోటు. ఆ దెబ్బతోనే 2007లో యూఎన్‌ఎయిడ్స్, అవాక్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ప్రయోగాల్లో స్థానికులను ఎలా భాగం చేయాలో మార్గదర్శకాలు రాశాయి.

కృష్ణలంక_కుర్రోడు
మన దేశంలో ఎప్పుడైనా ఈ టీకా వేసి చూశారా అసలు?

వైజాగ్_వెంకటలక్ష్మి
చూశారు. 2005 ఫిబ్రవరిలో పుణెలోని నారీ అనే జాతీయ ఎయిడ్స్ పరిశోధన సంస్థలో మొదటిది, 2006లో చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రంలో రెండోది. 2009లో ఆ రెండు నగరాల్లోనూ ఇంకొకటి. అన్నీ భద్రత చూసే చిన్న దశ ప్రయోగాలే, ఒక్కోదానిలో దాదాపు ముప్ఫై మంది చొప్పున. దేశంలో మొదటి హెచ్‌ఐవీ కేసులు 1986లో సునీతి సోలమన్ బృందం బయటపెట్టింది కూడా చెన్నైలోనే.

పద్మ_పాజిటివ్
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నేను హెచ్‌ఐవీతో ఉన్నాను, జిల్లా పాజిటివ్ నెట్‌వర్క్‌లో పనిచేస్తాను. చాలా ఏళ్లుగా మందులు వాడుతున్నా, వైరల్ లోడ్ కనిపించనంత తక్కువ. నా కూతురు నెగెటివ్. దాన్ని కడుపుతో ఉన్నప్పుడు సర్కారు ఆసుపత్రిలో టెస్ట్ చేశారు కాబట్టి, నొప్పులు మొదలవగానే నెవిరపిన్ మాత్ర ఇచ్చారు కాబట్టి. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

టీకా వస్తే నాకు రాదు, నెగెటివ్ వాళ్లకే. అయినా రావాలని కోరుకుంటా, నా పిల్ల కోసం. దానికి పెళ్లయితే దాని మొగుడు టెస్ట్ చేయించుకుంటాడో లేదో, కండోమ్ మాట ఎత్తితే ఏమంటాడో. ఎవరినీ అడగనక్కర్లేకుండా అది తనను తాను కాపాడుకునేది ఒకటి ఉండాలి. ఫార్మా గారు చెప్పిన ఇంజెక్షన్ వచ్చినా మంచిదే. కానీ ఆరు నెలలకోసారి ఎందుకు వెళ్తున్నావని అత్తగారింట్లో అడుగుతారు. చిన్నప్పుడే ఒకసారి వేసేస్తే ఆ మాట ఉండదు.

గట్టు అమ్మా, నీ బాధ నాకు తెలుసు. 2022లో మందులు సరిగా అందక మావాళ్లు ఢిల్లీలో నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) ఆఫీసు దగ్గర రోజుల తరబడి కూర్చున్నారు. ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది. అయినా టీకా డబ్బు తీసి నాకివ్వమని నేను అడగను. ఆకలేస్తే విత్తనాలు వండుకోం కదా.

గోదావరి_గట్టు
పద్మగారూ, మీ మాట కాదనలేను.

ఫార్మా_బాలానగర్
పద్మ గారు చెప్పిన అత్తగారింటి పాయింట్ నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. కానీ టీకా ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు, ఇంజెక్షన్ చేతికందే దూరంలో ఉంది. ముందు దీన్ని అందరికీ చేర్చాలన్న మాట మీదే ఉన్నాను.

ల్యాబ్_రమణి
ఎవరు చేరుస్తారు ఫార్మా గారూ? ఆ ఇంజెక్షన్ వేసే ముందు ప్రతిసారీ హెచ్‌ఐవీ టెస్ట్ చేయాలి. అప్పటికే సోకి ఉన్న మనిషికి ఆ ఒక్క మందే వేస్తే వైరస్ దానికి లొంగకుండా తయారవుతుంది. మొదటిసారి మొదలుపెట్టేటప్పుడు సూదితో పాటు రెండు రోజులు మాత్రలు కూడా మింగాలి. చర్మం కింద గడ్డలా తగిలితే భయపడొద్దని ఎవరో చెప్పాలి. ఆరు నెలలకు రాకపోతే ఎవరో ఫోన్ చేయాలి. ఇదంతా గట్టు గారి ఐసీటీసీ, పెట్రోలు సొంతంగా కొట్టించుకునే ఆ ఔట్‌రీచ్ వాళ్లే. మీ కంపెనీ సీసా తయారు చేస్తుంది. దాన్ని చేర్చేది వీళ్లు.

టీకా వచ్చినా అంతే. అందుకే ఇది అటో ఇటో అన్న లెక్క కాదంటాను.

సందేహం_సుబ్బు
రమణి గారూ, టీకా ప్రయోగంలో చేరితే టెస్ట్‌లో పాజిటివ్ వస్తుందని ఎక్కడో చదివా. నిజమా, పుకారా?

ల్యాబ్_రమణి
నిజం. మన దగ్గర చేసే ర్యాపిడ్ టెస్టులు వైరస్‌ను చూడవు, దానికి ఎదురుగా పుట్టిన యాంటీబాడీలను చూస్తాయి. టీకా చేసే పనే యాంటీబాడీలను పుట్టించడం. అందుకని వైరస్ లేకపోయినా స్ట్రిప్ మీద రెండో గీత పడొచ్చు, కొందరిలో ఏళ్ల తరబడి. మూడు రకాల కిట్లతో చేసినా మూడూ యాంటీబాడీ కిట్లే అయితే మూడింటిలోనూ పడొచ్చు. న్యూక్లియిక్ యాసిడ్ టెస్ట్ చేస్తేనే వైరస్ ఉందో లేదో తేలుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. అప్పుడెప్పుడో ప్రయోగంలో చేరిన అమ్మాయి కడుపుతో ఏదో ఊరి సెంటర్‌కి వెళ్తుంది. ప్రయోగం సంగతి అక్కడి టెక్నీషియన్‌కి తెలీదు. పాజిటివ్ అని రాసేస్తాడు. భర్తకు తెలుస్తుంది. ఆ ఇల్లు ఏమవుతుంది? అందుకే ప్రయోగాల వాళ్లు పాల్గొన్నవాళ్లకు గుర్తింపు కార్డు ఇస్తారు, ముగిశాక కూడా సరైన పరీక్ష ఉచితంగా చేస్తారు. కానీ ఆ కార్డు చూపిస్తే అర్థం చేసుకునే మనిషి ప్రతి టెస్టింగ్ సెంటర్‌లో ఉండాలి. ప్రయోగం ఒక దారి, ప్రభుత్వ సేవ ఒక దారి అయితే కార్డు కాగితం ముక్కే. ల్యాబ్‌లో కూర్చునేదాన్ని కాబట్టి, రెండూ కలవాలనడానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

గోదావరి_గట్టు
ఇది మా ట్రైనింగుల్లో ఎవరూ చెప్పలేదు. రేపే మా టెక్నీషియన్‌కి చెప్తా.

లెక్కల_మాస్టారు
స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్తాను. ఇంతవరకు ఎవరూ ఎత్తని ఇబ్బంది ఒకటుంది. సేవలు బాగుంటే టీకా ప్రయోగం కష్టమవుతుంది. ఏడాదికి నూటికి ముగ్గురికి సోకే చోట టీకా పనిచేస్తుందో లేదో కొన్ని వేల మందితో తేల్చొచ్చు. అక్కడే అందరికీ ప్రెప్ ఇచ్చి ఆ ముగ్గురిని వెయ్యికి ముగ్గురు చేశారనుకోండి, అంతే గట్టి జవాబు రావాలంటే దాదాపు పది రెట్లు మంది కావాలి. కాబట్టి పరిశోధకుడికి సేవలు తక్కువున్న ఊరే సులువు. ఆ ఆకర్షణ ఉందని ముందు ఒప్పుకోవాలి, అప్పుడే దాన్ని కట్టడి చేయగలం.

మొజాయికోలో ముందుగా అందరికీ ప్రెప్ ఇవ్వజూపి, వద్దన్నవాళ్లనే ప్రయోగంలోకి తీసుకున్నారు. వద్దన్నది ఎంతవరకు సొంత నిర్ణయం అన్న అనుమానం అందులో మిగులుతుంది. ప్రెప్‌వ్యాక్ అని ఉగాండా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 1,500 మందితో జరిగిన ప్రయోగం ఇంకా నిజాయితీగా ఉంది. టీకాలను, ప్రెప్ మాత్రలను ఒకే ప్రయోగంలో పెట్టారు. మొదట్లో కొన్ని నెలలు మాత్రలు ఇచ్చి, తర్వాత స్థానిక ప్రెప్ సేవలకు అప్పగించే ఏర్పాటు చేశారు. టీకా పనిచేయలేదు, 2023 చివర్లో డోసులు ఆపేశారు. కానీ ఈ రెండూ కలిపి నడపొచ్చని తేలింది.

పర్పస్ 1లో అసలు ఉత్తుత్తి మందు మాత్రమే ఇచ్చిన గుంపే లేదు. స్క్రీనింగ్‌కి వచ్చిన 8,094 మంది రక్తం చూసి, వాళ్లలో ఈమధ్యే సోకినవాళ్లెందరో లెక్కగట్టి, ఏడాదికి నూటికి 2.41 అనే పోలిక సంఖ్య తీసుకున్నారు. ఎవరినీ రక్షణ లేకుండా వదిలేయకుండానే లెక్క తేల్చొచ్చన్నమాట. ఇలాంటి పద్ధతి కనిపెట్టడం కూడా వైద్యసేవే అంటాను నేను.

సందేహం_సుబ్బు
మాస్టారూ, ఇది పరీక్షలో వస్తుందా? 😀

లెక్కల_మాస్టారు
వస్తుంది నాయనా, ఎనిమిది మార్కులకు.

కృష్ణలంక_కుర్రోడు
అంతా బాగానే ఉంది కానీ డబ్బు సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఒకే సంచీలోంచి రెండింటికీ ఇవ్వాలంటే ఒకదానికి తగ్గాల్సిందే కదా.

డర్బన్_దూరం
తమ్ముడూ, సంచీ ఒక్కటి కాదు. ఒకటి మూస్తే ఆ డబ్బు రెండోదానికి రాదు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపినప్పుడు ఇక్కడ కళ్లారా చూశాం. బ్రిలియంట్ అని ఆఫ్రికా శాస్త్రవేత్తలే నడిపే టీకా బృందం, గ్లెండా గ్రే నాయకత్వంలో. వాళ్ల ప్రయోగం ఇక మొదలవబోతుండగా ఆగింది. టీకా ఆపి ఆ డబ్బు క్లినిక్‌లకు ఇచ్చారా? లేదు. పెప్ఫార్ డబ్బుతో నడిచే క్లినిక్‌లకూ అప్పుడే "పని ఆపండి" అని ఉత్తరాలు. మందులకు వచ్చినవాళ్లు తాళం చూసి వెనక్కి పోయారు. ఫోన్లు చేసి పిలిచే కౌన్సెలర్లే ఇళ్లకు పోయారు. ఆ ఏడాది మే నెలలో అమెరికాలోనే డ్యూక్, స్క్రిప్స్ సంస్థల్లోని టీకా పరిశోధన బృందాలకు కూడా నిధులు ఇక పొడిగించమని చెప్పేశారు.

రెండూ కలిసి నిలబడాలనడానికి అదే కారణం. టీకా వాళ్లు క్లినిక్ కోసం, క్లినిక్ వాళ్లు టీకా కోసం మాట్లాడకపోతే ఒక్కొక్కరినీ విడివిడిగా కోసేస్తారు.

వైజాగ్_వెంకటలక్ష్మి
దీనికి ఒకటి కలపాలి. బయటి డబ్బు మీదే కట్టిన సేవ ఎంత బలహీనమో కూడా అదే చూపించింది. థాయ్‌లాండ్ ప్రయోగం ప్రజారోగ్య శాఖ ఆసుపత్రులు, హెల్త్ సెంటర్ల ద్వారా రాయోంగ్, చొన్‌బురి ప్రాంతాల్లో నడిచింది. ప్రయోగం అయిపోయినా ఆ సెంటర్లు అక్కడే ఉంటాయి. మన దగ్గర కూడా ఏం చేసినా ఐసీటీసీలు, ఏఆర్టీ సెంటర్లు, టీఐ ప్రాజెక్టుల (ముప్పు ఎక్కువున్నవాళ్ల కోసం నడిచే నివారణ కార్యక్రమాల) మీదే చేయాలి తప్ప పక్కన కొత్త అద్దాల భవనం కట్టి మూడేళ్లకు మూసేయడం వద్దు. ప్రెప్ విషయంలో కోల్‌కతా సోనాగాచి, మైసూరు అశోదయ దీదీలు, అక్కలు ఆ దారి చూపించారు. ప్రయోగాత్మక ప్రాజెక్టును సెక్స్ వర్కర్ల సంఘాలే ముందుండి నడిపాయి.

ఇంకో అన్యాయం. లెనకాపవిర్ ఇంకో ప్రయోగం పర్పస్ 2లో బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ వాళ్లు శరీరం ఇచ్చి పాల్గొన్నారు. చౌక లెనకాపవిర్ అమ్మడానికి అనుమతి ఉన్న 120 దేశాల జాబితాలో ఆ నాలుగూ లేవు. ప్రయోగానికి పనికొచ్చిన ఊరు మందుకు ఎందుకు పనికిరాదు?

ఫార్మా_బాలానగర్
ఆ జాబితా గురించి మా క్యాంటీన్‌లో కూడా గట్టిగానే మాట్లాడుకుంటాం. లైసెన్స్ ఇచ్చిన కంపెనీ షరతు అది, మేం దాటి అమ్మలేం. మీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

నల్లమల_నీడ
నాకు ఒక్క జవాబు కావాలి. రేపు మా దగ్గరికి ఇలాంటి ప్రయోగం వస్తే, చేరిన పిల్లకు ఆ రెండేళ్లలో హెచ్‌ఐవీ సోకితే, టీకా వల్ల కాదు, బయట సోకితే, మందులు ఎవరిస్తరు?

వైజాగ్_వెంకటలక్ష్మి
2019 నాటి మన క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం స్పాన్సర్ ఇవ్వాలి. బయట సోకితే అది "ప్రయోగం వల్ల" కిందికి రాదని వాదించే అవకాశం ఉంది. అందుకే చేరేముందే కాగితం మీద రాయించుకోవాలి. హెచ్‌ఐవీ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సమాచారం ఇచ్చి సమ్మతి తీసుకోకుండా టెస్టు చేయకూడదు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల మీద పరిశోధనా చేయకూడదు. ఏఆర్టీ అందించే బాధ్యత కూడా ఆ చట్టం ప్రభుత్వాల మీద పెట్టింది. చట్టం మనవైపే ఉంది, అడిగేవాళ్లు కావాలి.

డర్బన్_దూరం
నీడ గారూ, ఇక్కడ సమ్మతి ఎలా తీసుకుంటారో చెప్తా. ఫారం జులూలో ఉంటుంది. చదివి వినిపించాక చిన్న పరీక్ష పెడతారు. "ఈ టీకా నిన్ను హెచ్‌ఐవీ నుంచి కాపాడుతుందా?" అని అడుగుతారు. అవును అంటే చేర్చుకోరు, కూర్చోబెట్టి మళ్లీ మొదట్నుంచి చెప్తారు. స్థానిక సలహా సంఘం ఆ ప్రశ్నలు ముందే చూస్తుంది. ఆ సంఘంలో ఓ పెద్దావిడ ఉంది, కూరగాయలు అమ్ముతుంది. ఫారంలో ఒక వాక్యం తనకు అర్థం కాలేదని సంతకాలన్నీ ఆపించింది, వాక్యం మార్చాకే ముందుకెళ్లారు.

నల్లమల_నీడ
ఆమెలాంటి మనిషి ఉంటే మా వాడలోకి రమ్మనుండ్రి. ఆమె అడిగినంక మేమడుగుతం.

గోదావరి_గట్టు
ఈ నెలాఖర్లో జిల్లా సమీక్ష ఉంది. కిట్ల సంగతి ఎలాగూ ఎత్తుతా. లెనకాపవిర్ మన జిల్లాకు వచ్చే రోజుకు టెస్టింగ్ ఎవరు, ఫాలో అప్ ఎవరు అన్నది ఇప్పుడే రాసిపెట్టమని అడుగుతా. రమణి గారు చెప్పిన కార్డు విషయం టెక్నీషియన్ల ట్రైనింగ్‌లో పెట్టమంటా. ఇవన్నీ నేనొక్కదాన్నే చెప్తే "స్టాఫ్ గోల" అని రాసుకుని పక్కన పడేస్తారు. పద్మగారూ, నెట్‌వర్క్ తరఫున మీరూ రాగలరా?

పద్మ_పాజిటివ్
వస్తా. నాతోపాటు ఇద్దరిని తీసుకొస్తా, ఒకామెకు మాట్లాడటం బాగా వచ్చు. మధ్యాహ్నం తర్వాత మాత్రం పెట్టించకు అమ్మా, మా ఊరికి చివరి బస్సు ఐదింటికే.

గోదావరి_గట్టు
పదకొండింటికి అడుగుతా. మీ ముగ్గురి బస్ చార్జీలు ఇవ్వాలని కూడా ఆ లెటర్‌లోనే రాస్తున్నా.